ఏడో గూడు

రామలక్ష్మమ్మ సానచక్రం మీద నీళ్లు చిలకరించి ఆరో పచ్చరాయిని ఆనించింది. తనకల్లు ఊళ్లో కొళాయి నాలుగు రోజులకోసారి వస్తుంది. అందుకే చక్రం కిందికి కారిన నీళ్లు పళ్లెంలో తేరుకున్నాక మళ్లీ గిన్నెలోకి వంచుకుంటుంది. ముప్పై ఎనిమిదేళ్లుగా ఆ పళ్లెం అడుగు పచ్చగానే ఉంది.

ఎదురుగా భర్త మౌనాచారి కుంపటి ముందు కూర్చున్నాడు. వెండిరేకుతో చదరపు గూళ్లు కట్టడం ఆయన పని. గూటికి సరిపోయేలా రాయిని అరగదీయడం ఆమె పని. రాయి కూర్చున్నాక పైన గోటితో గీస్తే, వెండి ఎక్కడ ఆగిందో రాయి ఎక్కడ మొదలైందో గోరుకు తెలియకూడదు.

మూడేళ్ల కిందట ఆయన కుడిచెయ్యి పడిపోయింది. రెండు నెలలకు మళ్లీ లేచింది. కాని అప్పటినుంచి ప్రతి గూటికీ కుడిమూల వెంట్రుకవాసి లోపలికి వచ్చేది. ఆమె చెప్పలేదు. రాయి కుడిమూలనూ అంతే అరగదీసి కూర్చోబెట్టేది. ఆచారి చెయ్యి బాగైందని ఊరనుకుంది. ఆయనా అలాగే అనుకోవాలని ఆమె కోరిక. చెయ్యి పోయిందని తెలిసిన రోజు ఆయన పీట దిగుతాడు. దిగితే బతకడు.

గొర్రెలు మేపే తిమ్మక్క వచ్చి గడప మీద కూర్చుంది. వాళ్లు చేస్తున్న ఏడు పచ్చరాళ్ల దండకడియం ఆమెదే.

"అయిందా ఆచారీ? మూడు గంటల బస్సుకు కదిరికి పోవాల. మనవరాలి పెండ్లి."

"ఒక్క గూడు ఉండాది. కూకో."

"పొద్దున కూడా అదే అంటివి. ఈలోపల నా గొర్రె రెండు పిల్లల్ని ఈనుంటాది."

"అయితే గొర్రెతోనే చేయించుకో పో."

తిమ్మక్క పైట అడ్డం పెట్టుకుని నవ్వింది. రామలక్ష్మమ్మ నవ్వలేదు. ఒక గూడు కట్టడం అరగంట పని. ఆయన ఏడో గూటి కుడిగోడను ఇప్పటికి మూడుసార్లు ఊడదీసి అతికాడు. అలసిపోయాడనుకుంది. ఆయనకోసం ఆగకుండా ఏడో రాయి అందుకుని, కుడిమూల ఎప్పటిలాగే అరగదీసింది.

"ఏమే, గూడు చూడకుండానే అరగదీస్తాండావా?"

"చూసేదేముండాది? నీ చెయ్యి నాకు తెలీదా?"

మౌనాచారి ఆమె వైపు చూశాడు.

"నీ రాయి కూడా నాకు తెలుసులే," అన్నాడు. ఏడో గూడూ అతికిన కడియాన్ని ఇద్దరి మధ్య గుడ్డ మీద పెట్టి గోడకు ఆనుకున్నాడు.

ఆమె ఆరు రాళ్లూ బిగించింది. ఏడోది పెట్టింది. కుడిమూల సందు కనిపించింది. తీసి మళ్లీ పెట్టింది. గోరు ఆగింది. ఇనుప స్కేలు తెచ్చి గూటి కుడిగోడకు ఆనించింది. స్కేలుకూ వెండికీ మధ్య వెలుతురు దూరలేదు. చెయ్యి పడిపోకముందు ఆయన కట్టిన గూడు అట్లా ఉండేది. ఆమె స్కేలును చాలాసేపు అక్కడే ఉంచింది.

"ఏమయ్యా," అంది. "ఎట్ల చేసినావు?"

ఆయన గడ్డం ఛాతీకి ఆని ఉంది. కుడి అరచెయ్యి ఒళ్లో తెరిచి ఉంది. తిమ్మక్క లేచి వచ్చి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. చేతిలోని సంచీ కింద పెట్టి, రామలక్ష్మమ్మ పక్కన కూర్చుంది.

మూడు గంటల బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది.

గుడ్డ మీద నాలుగు మూలలూ సరిగ్గా ఉన్న ఖాళీ గూడు, పక్కన ఒక మూల అరిగిన పచ్చరాయి.