మూతి కుట్టిన హెడ్‌ఫోన్స్

అటక మీది సూట్‌కేస్ కిందికి దిగిన రోజు నుంచి కమలాబాయికి అన్నం సయించడం లేదు. సూట్‌కేస్ మనుమరాలు రుచితది. గోడకు ఆనించిన ఆ నీలిరంగు పెట్టె పక్కనుంచి పోయిన ప్రతిసారీ కమలాబాయి కొంగుతో దుమ్ము తుడుస్తున్నట్టు నటిస్తూ దాన్ని కొంచెం ఎత్తి చూసేది. ఇంకా ఖాళీగానే ఉందని తెలిశాకే వంటింట్లోకి పోయేది.

ఆర్మూరు బస్టాండులో ఆమె చాలామందినే బస్సెక్కించింది. ఇద్దరు చెల్లెళ్లను, కూతురిని, ఓసారి దవాఖానకని భర్తను. వాళ్లలో ఎవరూ మళ్లీ ఈ ఇంట్లో ఉండడానికి రాలేదు. ఇప్పుడు రుచిత వంతు. వచ్చే సోమవారం హైదరాబాదులో ఒక ఆఫీసులో చేరాలి.

చేరకుండా ఉండే దారి ఒక్కటే ఉంది. ఫోన్లలో కథలు వినిపించే ఒక కంపెనీ, ఇంట్లోనే కూర్చుని కథలు చదివేవాళ్ల కోసం వెతుకుతోంది. శనివారం లోపు పది నిమిషాల కథ చదివి పంపాలి. నచ్చితే పని ఇంటికే వస్తుంది.

అందుకని ఇంట్లో పసుపు కొమ్ముల సంచులు నిలవచేసే గది స్టూడియో అయింది. గోడల వెంట కప్పుదాకా సంచులే కాబట్టి చప్పట్లు కొడితే ఆ చప్పుడు అక్కడే అణిగిపోయేది. పట్నంలో ఇందుకోసం గోడలకు స్పాంజి పలకలు అంటిస్తారట. ఈ గదిలో వచ్చిన తంటా ఒక్కటే, కథకు రెండు తుమ్ములు. కంప్యూటర్ ఫ్యాను చప్పుడు మైకులో పడకుండా దాన్ని వసారాలో స్టూలు మీద పెట్టి, వైర్లను తలుపు కింద నుంచి లోపలికి లాగారు.

ఇక కావలసింది హెడ్‌ఫోన్స్. కథ వెనక వచ్చే సంగీతం చెవిలో వింటూ చదవాలి, కానీ మైకులో గొంతు మాత్రమే పడాలి. రుచిత పదిహేను రోజులు వీడియోలు చూసి, ముక్కూ మొహం తెలియని నాలుగు వందల మంది అభిప్రాయాలు చదివి, చివరికి ఒక చీటీ రాసింది: ‘వెనక మూసి ఉన్నది. వైరుది. మూడు వేల లోపు.’

కమలాబాయి బడికి పోలేదు. పసుపు సంచుల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్న మనిషి. చీటీని రెండుసార్లు పైకి చదివి, కొడుకు హరిప్రసాద్ జేబులో తనే పెట్టింది.

“చెప్పింది చెప్పినట్టు తేరా. నీ తెలివి జర ఇంట్ల పెట్టి పో.”

“ముప్పై ఏండ్ల సంది సరుకు కొంటున్ననమ్మా. గిదొక లెక్కనా?”

హరిప్రసాద్ పసుపు కమీషన్ వ్యాపారి. మూతి కుట్టిన సంచిని కొనడం అతని ఇంటా వంటా లేదు. సంచిలోకి ఇనుప గొట్టం గుచ్చి, అడుగునున్న కొమ్ము తీసి, విరిచి, లోపలి రంగు చూసి, వాసన పీల్చి, అప్పుడు గాని ధర మాట్లాడడు. అతనికి తోడుగా పక్క దుకాణం హనుమాన్లు కూడా నిజామాబాద్ బస్సెక్కాడు. హనుమాన్లుకు తెలియని సరుకు లేదు. ఆ మాట హనుమాన్లే చెబుతాడు.

సాయంత్రం ఇద్దరూ ఊరేగింపులా వచ్చారు. పెట్టె విప్పితే, చెవుల మీద పెట్టుకునే డిప్పలకు వెనకవైపు పిండి జల్లెడలాంటి జాలీ ఉంది.

రుచిత మొహం వాడిపోయింది. “బాపూ, నేను రాసింది మూసి ఉన్నది కదా.”

“షాపుల రెండు రకాలుండె బిడ్డా. మూసింది చూసిన. లోపల ఏం పెట్టిండో వానికే తెల్వాలె. ఇప్పి చూపియ్యమంటే ఇప్పనన్నడు. గిదైతే సూడు, లోపలి సరుకు ఎట్ల కండ్ల పడుతున్నదో.”

“దాస్తున్నడంటే మతలబు ఉన్నట్టే గదా,” అన్నాడు హనుమాన్లు. “చేతుల తూచి కూడ సూసిన. మూసింది బరువుంది. తేమ పట్టిందేమో.”

“వాపస్ ఇయ్యి బాపూ.”

హరిప్రసాద్ నేల చూశాడు. పెట్టె విప్పిన సరుకు వాపసు తీసుకునేది లేదని షాపువాడు ముందే చెప్పాడు. తన దుకాణంలోనూ అదే బోర్డు ఉంది కాబట్టి మారు మాట్లాడలేకపోయాడు.

రుచిత దానితోనే కథ చదివి బుధవారం పంపింది. గురువారం పొద్దున జవాబు వచ్చింది. గొంతు బాగుంది గానీ గొంతు వెనక సన్నగా సంగీతం వినబడుతోంది, శనివారం లోపు సరిచేసి పంపండి అని.

వసారాలో పంచాయితీ కూర్చుంది. మైకు ఖరాబైందన్నాడు హరిప్రసాద్. పక్కింటి టీవీ అన్నాడు హనుమాన్లు. పక్కింటివాళ్ల టీవీ నాలుగు నెలల కింద చెడిపోయిందని తెలిశాక, సంచుల్లో సందులున్నాయని మాట మార్చాడు. హమాలీలను పిలిచి ఇంకో వరస సంచులు పేర్పించారు. గదిలో రుచితకూ కుర్చీకీ మాత్రమే చోటు మిగిలింది.

ఆ పొద్దున కమలాబాయి సూట్‌కేస్ ఎత్తి చూస్తే బరువు తగిలింది. లోపల రెండు జతల బట్టలు ఉన్నాయి.

మజ్జిగ గ్లాసుతో ఆమె గదిలోకి వెళ్లేసరికి రుచిత చెవులకు డిప్పలు పెట్టుకుని కళ్లు మూసుకుని ఉంది. కమలాబాయి పక్కనే నిలబడింది. గదిలో ఈగ వాలినా వినబడేంత నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో సన్నగా వేణువు. ఆమె సంచుల దగ్గర చెవి పెట్టింది. లేదు. మైకు దగ్గర పెట్టింది. లేదు. మనుమరాలి చెవి దగ్గరికి వంగితే, వేణువు ఆ జాలీలోంచి వస్తోంది.

గ్లాసు అక్కడే పెట్టి వసారాలోకి వచ్చింది.

“చప్పుడు గోడలకెల్లి వస్తలేదురా. నువ్వు తెచ్చిన జల్లెడకెల్లి కారుతున్నది. నీ సరుకు మొత్తం తెరిచిన సంచిల నుంచి రోడ్డు మీద పోసుకుంట పోతే ఊకుంటవా?”

హరిప్రసాద్ కొంచెంసేపు ఆలోచించాడు. హనుమాన్లు ఆలోచించకుండానే ఉపాయం చెప్పాడు. “సంచుల టేపు తెచ్చి జాలీ మీద అంటిద్దాం.”

అంటించారు. రుచిత పెట్టుకుని చూసి, బిందెలో తల పెట్టినట్టుందని తీసేసింది. తువ్వాలు చుట్టి చూశారు. హమాలీలా చెమటలు కారుస్తూ మూడు వాక్యాలు చదివి, అది కూడా తీసేసింది.

“పోనియ్ బాపమ్మా,” అంది రుచిత. “హైదరాబాదే పోత. నువ్వు ఫికర్ చెయ్యకు, నెలకోసారి వస్త.”

కమలాబాయి చెల్లెళ్లిద్దరూ అదే మాట చెప్పి బస్సెక్కారు. ఆమె కొడుకు వైపు తిరిగింది.

“రేపు పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోతున్నవు. మూసిందే తెస్తవు. ఇప్పి చూపియ్యమని అడిగినవంటే నేనే వచ్చి నిన్ను ఆడ కూసోబెడుత. హనుమాన్లును తోలుకపోకు.”

“నన్నెందుకు అంటున్నవు చిన్నమ్మా,” అన్నాడు హనుమాన్లు. “నేను ముందే అనుకున్న, మూసిందే మంచిదని.”

శుక్రవారం హరిప్రసాద్ ఒంటరిగా వెళ్లాడు. మూసిన డిప్పలను చేతిలోకి తీసుకుని తిప్పాడు, తట్టాడు, ఎవరూ చూడకుండా వాసన కూడా చూశాడు. లోపల ఏముందో తెలియకుండా అతను కొన్న మొదటి సరుకు అది. అదేదో తప్పు చేసినట్టు బస్సులో పెట్టెను ఒళ్లో దాచుకుని వచ్చాడట.

రుచిత శనివారం మధ్యాహ్నం కథ పంపింది. ఆదివారం ఫోన్ వచ్చింది, ఉద్యోగం ఇచ్చామని. సూట్‌కేస్‌లోని బట్టలు బీరువాలోకి, ఖాళీ సూట్‌కేస్ మైకు కిందికి పీటలా వెళ్లాయి. కమలాబాయి ఆ పూట రెండోసారి అన్నం పెట్టించుకుంది. వాడకట్టంతా తిరిగి, “మా పిల్ల ఎటు పోతలేదు, ఇంట్లనే ఉంటది,” అని చెప్పి వచ్చింది.

రుచిత ఇంట్లోనే ఉంది. పొద్దున తొమ్మిదింటికి లోపలికి పోయి తలుపు వేసుకుంటే మళ్లీ వెలుగు పోయే వేళకు బయటికి వస్తుంది. చాయ్ అని పిలిస్తే వినబడదు. అన్నం అని పిలిస్తే వినబడదు. తలుపు కొట్టకూడదు, మైకులో పడుతుంది. కొన్న సరుకు అంత మంచిది. హరిప్రసాద్ దాన్ని తనే ఎంచానని మార్కెట్లో చెప్పుకుంటున్నాడు.

నాలుగో రోజు కమలాబాయి వసారాలో కంప్యూటర్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. తలుపు కిందనుంచి లోపలికి పోయే వైర్లు రెండు. వాటిలో స్ప్రింగులా చుట్టుకున్న నల్లది హెడ్‌ఫోన్స్‌దని ఆమెకు తెలుసు. దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని, బావిలో చేద ఉందో లేదో చూసినట్టు, మెల్లగా గుంజింది.

కాసేపటికి తలుపు తెరుచుకుంది. రుచిత ఒక చెవి మీది డిప్పను పక్కకు జరిపి నిలబడింది.

“ఏంది బాపమ్మా? అన్నమా?”

“అన్నానికి ఇంక యాళ్ల కాలే.”

“మరేందే? కథ నడుమల ఉన్న.”

“ఏం లేదు బిడ్డా,” అంది కమలాబాయి వైరు వదలకుండానే. “ఉన్నవా లేవా అని చూసిన.”

“ఉన్న,” అని రుచిత డిప్పను మళ్లీ చెవి మీదికి జరుపుకుని తలుపు వేసుకుంది.