ఆగని అల్లిక

ఇస్త్రీ అక్క దుప్పటిని బల్లమీద పరిచి ఎడమ అరచేత్తో సవరించబోయింది. అరచేయి ఆనలేదు. ఉంగరం వేలూ చిటికెన వేలూ లోపలికి వంగి, సాపుగా ఉన్న గుడ్డనే మళ్లీ నలిపాయి.

"ఖర్మ!" అంది, ఆస్పత్రి లాండ్రీ అంతా వినబడేలా.

ఆ రెండు వేళ్ల మొదట్లోంచి అరచేతిలోకి, చర్మం కింద, తాడులాంటిది బిగిసి ఉంది. నొప్పి లేదు. బాధంతా సలహాలతోనే. ఉతికేవాడు ఇస్త్రీపెట్టె వేడి అన్నాడు. మేస్త్రీ, చేతిమీద పడుకుంటావు అన్నాడు. పక్కింటావిడ పూర్వజన్మ దాకా వెళ్లింది. తిలాపాపం తలా పిడికెడు. ముడుచుకున్న పిడికిలి మాత్రం తనది.

మధ్యాహ్నం పై అంతస్తులో డాక్టరమ్మ ఆ చేతిని బల్లమీద నొక్కి చూసింది.

"పెట్టె వేడి వల్లేనా?"

"కాదమ్మా. చర్మం కింద ఒక పొర ఉంటుంది. గాయమైతే అక్కడి కణాలు పీచు అల్లి, బిగించి, మాన్పుతాయి. పనైపోగానే ఆగాలి. మీకు గాయమే లేదు, అవి అల్లుతూనే ఉన్నాయి."

"ఆగమని చెప్పేవాళ్లు లేరా వాటికి?"

"ఆ చెప్పే దగ్గరే తేడా. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు. చాలామందికి వంశంలోంచే వస్తుంది. మీ ఇంట్లో ఎవరికైనా ఉందా?"

"ఉన్నది అన్నయ్యొక్కడే. ఆయన చేతులకేం, పని చేస్తేగా!"

అన్నాక అనుమానం వచ్చింది. వదిన పోయాక, గుండె మాత్రలు మింగుతూ, ఏడాదిగా తన ఇంట్లోనే ఉంటున్నాడు. ఎప్పుడూ శాలువా కింద చేతులు కట్టుకునే ఉంటాడు. గుండీలు పెట్టమంటాడు. గ్లాసులు జారవిడుస్తాడు. బద్ధకమని రోజూ దులిపేసేది.

ఇంటికెళ్లి, చెప్పులు విప్పకుండానే, "చేతులు చూపించు" అంది.

అన్నయ్య శాలువాలోంచి మెల్లగా తీశాడు. రెండు చేతులకీ చివరి వేళ్లు అరచేతికి అతుక్కుపోయి ఉన్నాయి.

"ఇన్నాళ్లూ చెప్పి చావలేకపోయావా?"

"నాన్నకీ ఇంతే. ఆయన పోయేనాటికి నువ్వు పొత్తిళ్లలో ఉన్నావు. నీకూ వస్తుందేమోనని హడలిపోతావని..."

"వచ్చింది!" చేతిని ఆయన మొహం ముందు పెట్టింది. "ఎన్నేసి మాటలన్నాను నిన్ను! నోరేమైంది?"

"తిడితే నీ అలసట తీరేది కదమ్మడూ."

ఆమెకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే అన్నం కలిపి, ముద్దలు చేసి, చిన్నపిల్లాడికి పెట్టినట్టు పెట్టింది. ఆయన చివరి ముద్ద దాకా తిన్నాడు.

తెల్లారి లేపితే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిందన్నారు.

"ఇదీ చెప్పలేదు," అంది కోపంగా, ఎవరితోనో.

అందరూ వెళ్లాక ఆయన సంచీ సర్దుతుంటే అడుగున దువ్వెన దొరికింది. దాని పిడికి పాత గుడ్డపీలికలు చుట్టి చుట్టి, వంగిన వేళ్లలో నిలిచేంత లావు చేసుకున్నాడు. పళ్ల మధ్య ఇంకా రెండు తెల్లవెంట్రుకలున్నాయి.