రాజీనామా పంపిందెవరు?

సోమవారం పొద్దున్న పదింటికి ఆఫీసు గేటు దగ్గరకొచ్చిన సారీ గారికి, తను ఉద్యోగానికి రాజీనామా చేసినట్టు తెలిసింది.

చెప్పినవాడు సెక్యూరిటీ గార్డు. చేతులు పట్టుకుని ఊపి, మంచి పని చేశారు సార్ అని మెచ్చుకుని, అదే చేత్తో ఐడీ కార్డు ఇచ్చేయమన్నాడు. లోపలికెళ్తే కుర్చీ లేదు. పక్క సెక్షన్ వాళ్ళు అప్పటికే లాక్కుపోయారు. పంతొమ్మిదేళ్ళు కూర్చున్న కుర్చీ. మనిషి వెళ్ళాడో లేదో కనుక్కునే ఓపిక కూడా లేకపోయింది వాళ్ళకి.

సారీ గారు అన్నది ఆయన అసలు పేరు కాదు. ఆ ఫ్రిజ్జుల కంపెనీకి వచ్చే ఫిర్యాదులకు జవాబులు రాయడం ఆయన పని. ప్రతి జవాబూ 'మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం' అని మొదలై దాదాపు అక్కడే ఆగిపోతుంది. ఫ్రిజ్జు బాగుపడదు. రాసినవాడి మనసూ బాగుపడదు. అలా చింతించీ చింతించీ ఆయన మొహం కూడా ఆ వాక్యంలాగే తయారైంది.

ఆదివారం పొద్దున్న మాత్రం మనిషే వేరు. మునిసిపాలిటీ ఈతకొలనులో, నీళ్ళంటే హడలిపోయే పెద్దవాళ్ళకి ఈత నేర్పుతాడు. నలుగుర్ని గడగడలాడించే పోలీసాయన ఒడ్డు కడ్డీని కరుచుకుని 'మాస్టారూ, వదలకండి' అని ఏడుస్తుంటే, సారీ గారు ఆయన వీపు కింద అరచెయ్యి పెట్టి, కబుర్లు చెబుతూ చెబుతూ, ఎప్పుడో మెల్లగా ఆ చెయ్యి తీసేస్తాడు. పోలీసాయన తేలుతూనే ఉంటాడు. ఆ క్షణంలో సారీ గారి మొహం చూడాలి.

ఈ పనికే పూర్తిగా వచ్చేయమని కొలను మేనేజరమ్మ మూడుసార్లు అడిగింది. ఆలోచించి చెప్తానని మూడుసార్లూ అన్నాడు. ఆ ఆలోచన ఆరు నెలలుగా సాగుతోంది. అందులో భాగంగానే రాజీనామా ఉత్తరం ఒకటి రాసి ఫోన్లో దాచుకున్నాడు. పంపడానికి కాదు. మేనేజరు మరీ నెత్తికెక్కినప్పుడు బాత్రూములోకెళ్ళి చదువుకోవడానికి.

ఆ ఉత్తరమే ఇప్పుడు హెచ్చార్ మేడమ్ బల్ల మీద అచ్చై కూర్చుంది. పంపిన సమయం ఆదివారం సాయంత్రం నాలుగూ నలభై. ఆ టైముకి సారీ గారు మంచమ్మీద గురకపెడుతున్నాడు, ఫోను హాల్లో చార్జింగులో ఉంది. దానికి తాళం లేదు. దాచుకోవాల్సిన విషయం ఒక్కటీ లేని మనిషికి తాళం దేనికి?

హెచ్చార్ మేడమ్ మంచిది. పొరపాటున వచ్చిందంటే వెనక్కి తీసుకోవచ్చంది. రాజీనామా రద్దు చేసుకుంటున్నట్టున్న ఈ కాగితం మీద ఐదింటిలోగా స్వయంగా సంతకం పెట్టి ఇస్తే చాలు, కుర్చీ కూడా తెప్పిస్తానంది. కాగితం ముందుకు జరిపి, పెన్ను చేతికిచ్చింది.

సారీ గారు పెన్ను మూత తీశాడు. తీసినవాడు ఆగిపోయాడు. పక్కనే ఉన్న రాజీనామా ఉత్తరం అడుగున తను రాయని వాక్యం ఒకటుంది.

'మీ దగ్గర పంతొమ్మిదేళ్ళలో ఒక్క ఫ్రిజ్జు బాగు చేయించలేకపోయాను. కొలనులో ముప్పై ఒక్కమందిని నీళ్ళ మీద తేల్చాను.'

ముప్పై ఒక్కమంది. ఆ లెక్క ఆయనకే తెలీదు. అక్కడే నిలబడి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు, పోలీసాయనతో మొదలుపెట్టి. సరిగ్గా ముప్పై ఒకటి. అంటే దొంగ ఎవరో గానీ ఆయన్ని ఆయనకంటే జాగ్రత్తగా చూస్తున్నాడు.

ముందు ఆ దొంగెవరో తేలాలంటూ సంతకం పెట్టాల్సిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటపడ్డాడు. సంతకానికి అరనిమిషం చాలు సార్ అని మేడమ్ వెనకనుంచి అరిచిన మాట ఆయనకి వినపడలేదు.

మొదటి అనుమానం భార్య మీద. ఆవిడ స్కూల్లో లెక్కల టీచరు. క్లాసు అయ్యేదాకా ఆగి ఫోను చేస్తే, ఆవిడ సావధానంగా అంతా వింది.

"నేనే పంపేదాన్నైతే పెళ్ళైన ఏడాదే పంపేదాన్నండీ. ఇన్నేళ్ళు ఎందుకు ఆగుతాను?"

కొలను మొహం తనెప్పుడూ చూడలేదనీ, ఇంట్లో తువ్వాళ్ళకి పట్టిన ఆ క్లోరిన్ కంపే తనకి చాలనీ చెప్పి పెట్టేసింది. అయ్యో అనైనా అనలేదు.

రెండో అనుమానం బామ్మర్ది. వాడిది సెల్‌ఫోన్ల రిపేరు షాపు, మకాం వీళ్ళ పై అంతస్తులోనే. బస్సెక్కి షాపుకెళ్ళి నిలదీస్తే వాడు పొలమారేదాకా నవ్వాడు.

"బావా, నీ ఫోను నా చేతికొస్తే ముందు ఆ ఫోను మారుస్తాను. ఉద్యోగం సంగతి తర్వాత."

కొలనుకి వాడు ఒకే ఒక్కసారి వచ్చాడట. బావని ఈత నిక్కరులో చూశాక మళ్ళీ రాకూడదని ఒట్టు పెట్టుకున్నాడట.

ఇక మిగిలింది కొలను, ఆ ముప్పై ఒకటి లెక్క తెలిసే చోటు. సోమవారాలు అక్కడ టికెట్ల కౌంటరు మూడింటికి గానీ తెరవరు. సారీ గారు రెండింటికే వెళ్ళి మెట్ల మీద కూర్చుని చేతిగడియారాన్ని గుడ్లురిమి చూశాడు. జేబులో కాగితం సంగతే తలుచుకోలేదు. మూడింటికి టికెట్లావిడ వచ్చి, అడగ్గానే గుట్టు విప్పేసింది. ప్రతి ఆదివారం ఒక పెద్దాయన గ్యాలరీలో పై మెట్టు మీద కూర్చుంటాడట. ఎవరైనా కడ్డీ వదిలి తేలితే చిన్న నోటుబుక్కులో ఒక గీత గీస్తాడట. పైగా నిచ్చెన బోల్టులు వదులుగా ఉన్నాయని మూడుసార్లు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాడట.

సారీ గారు నీళ్ళలో దిగేటప్పుడు కళ్ళజోడు తీసేస్తాడు. మూడు బారలు దాటితే ఆయనకి అంతా పొగమంచే. అందుకే గ్యాలరీలో ఎవరున్నారో ఏనాడూ చూడలేదు. కానీ ఈతకొలనుకి వచ్చి బోల్టులు చూసే మనిషి ఈ భూమ్మీద ఒక్కడే ఉన్నాడు.

మామగారు. లిఫ్టుల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరై, పన్నెండేళ్ళుగా కూతురింట్లోనే ఉంటున్నాడు. ఎవరింటికెళ్ళినా ముందు మెట్ల రెయిలింగు ఊపి చూసి గానీ లోపలికి రాడు. అల్లుడి ఉద్యోగాన్ని కూడా అలాగే నాలుగువైపులా ఊపి చూసి, గట్టిదేనని తేల్చుకున్నాకే పిల్లనిచ్చాడు. అందుకే ఆయన మీద అనుమానం రాలేదు. ఆదివారం పొద్దున్న ఆయన వాకింగుకి వెళ్తున్నాడనే ఇంట్లో అందరి నమ్మకం.

సారీ గారు ఇల్లు చేరేసరికి మామగారు బాల్కనీలో టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. సారీ గారు కాగితం తీసి ఆయన ముందు పరిచాడు. గట్టిగా నిలదీద్దామనే అనుకున్నాడు గానీ, పంతొమ్మిదేళ్ళ అలవాటు కదా, సారీ మామయ్యా అని మొదలైంది. తర్వాత అసలు మాట వచ్చింది.

"నొక్కింది మీరేనా?"

మామగారు స్క్రూడ్రైవరు కింద పెట్టలేదు.

"నేనే. కళ్ళజోడు పెట్టుకుని మరీ నొక్కాను. ఆ చివరి వాక్యమూ నాదే. నీ ఉత్తరం మరీ చప్పగా ఉంది, రాజీనామాలో కూడా చింతించడమేంటయ్యా? పన్నెండేళ్ళుగా నీ పక్కన కూర్చుని తింటున్నాను అల్లుడూ. రోజూ ఫలానావాళ్ళ ఫ్రిజ్జు చల్లబడలేదు, ఫలానా మేనేజరు వేడెక్కాడు, ఇదే గోల. నాకింకా ఎన్ని భోజనాలు రాసిపెట్టి ఉన్నాయో తెలీదు, నాలుగైనా ప్రశాంతంగా తిందామనుకున్నాను. స్వార్థమే, కాదనను. ముప్పై నాలుగేళ్ళు లిఫ్టుల్లో పైకీ కిందకీ తిరిగాను, ఎక్కడికీ వెళ్ళింది లేదు. నాకు మానెయ్యమని చెప్పే దిక్కు లేకపోయింది. పొద్దున్నుంచీ నువ్వు సంతకం పెట్టేసి వచ్చి నన్ను తిడతావనే కాచుకుని కూర్చున్నాను. అరనిమిషం పని. నువ్వేమో రోజంతా నాకోసం వెతికావు గానీ ఆ అరనిమిషం మాత్రం నీకు దొరకలేదు. ఇప్పుడు నాలుగుంపావు, ఆఫీసుకి గంట దారి. ఆ కాగితం ఇటివ్వు, ఈ ఫ్యాను కాలు కింద ఎత్తు చాలడం లేదు. ఇంకో నేరం కూడా చేశాను, అదీ విను. నువ్వు ఒప్పుకున్నావని కొలను మేనేజరమ్మకి నిన్ననే ఫోను చేసి చెప్పేశాను. రేపు పొద్దున్న ఆరింటికి రమ్మంది. ఈత టోపీ మాత్రం నువ్వే తెచ్చుకోవాలట."