మాక్స్‌కి కొంచెం తక్కువ

"ఎక్కువ అడిగితే ఉన్నది కూడా ఊడబీకుతారేమోనే," అన్నాను, సింకులో కొలార్డ్ ఆకుకూర మళ్లీ కడుగుతూ. అప్పటికింకా ఏమీ జరగలేదు. రావలసిన మనిషి రానేలేదు. మంచు తీసిన దారి మీద మళ్లీ మంచు పడుతోంది, అంతే.

నా కూతురు టమైరా వంటింటి స్టూలు మీద కూర్చుని, మోకాలి మీద ఐసు సంచీ అదుముకుని, నవ్వింది.

"అడుక్కోవడం లేదమ్మా. నాకు రావలసిందే అడుగుతున్నా."

"రావలసిందైతే ఇచ్చేస్తారా? మోకాలు కోయించుకున్నావుగా, ఆ మాట పట్టుకుంటే? వేరే ఊరి జట్టుకి తోలేస్తే? మళ్లీ చలికాలమంతా ఆ పరాయి దేశాల్లో ఆడాల్సొస్తే, అక్కడ కాలు జారితే, ఆసుపత్రిలో నీ భాష ఎవరికీ రాకపోతే..."

"ఇంకా విమానం కూలడం ఒక్కటే మిగిలింది. అది కూడా అనేయ్."

"ఛీ, నోరు ముయ్యి! దేవుడు వింటాడు."

టమైరా అడుగుతున్న ఈ మాక్స్ అన్నది నాకు చాలాకాలం అర్థం కాలేదు. బడి వంటశాలలో వండి పెట్టిన దాన్ని, నాకేం తెలుస్తుంది కాంట్రాక్టుల సంగతి? చివరికి టమైరానే నా భాషలో చెప్పింది. ఆడపిల్లల బాస్కెట్‌బాల్ లీగులో ఒక్కో జట్టుకి ఒకే ట్రే అమ్మా, అంది. ఎంత డబ్బున్న యజమానైనా ఆ ట్రే కంటే పెద్దది పెట్టకూడదు. దాన్ని క్యాప్ అంటారు. జట్టులో అందరూ అందులోంచే తినాలి. ఎంత గొప్పగా ఆడినా ఒకరికి ఒక గరిటె మించి వెయ్యకూడదు. ఆ గరిటే మాక్స్. అంతకంటే ఎక్కువ ఇస్తామన్నా తీసుకోకూడదని రాశారు. తక్కువ తీసుకోమని అడక్కూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. నాకు ఎంత తగ్గితే అంత ట్రేలో మిగులుతుంది, దాంతో ఇంకొకరిని తెచ్చుకుంటారు, అంది.

ఇంత చెప్పాక నాకు బాగా తెలిసింది. తెలిశాక భయం ఇంకా ఎక్కువైంది.

మిస్టర్ హాల్వర్సన్ చెప్పిన వేళకే వచ్చాడు. మా ఊరి జట్టుకి మేనేజరు. ఎవరుండాలి, ఎవరు పోవాలి, ఎవరికెంత అన్నది తేల్చేది ఆయనే. కాంట్రాక్టులు కుదుర్చుకునే ఈ చలి రోజుల్లో వీళ్లకొక పద్ధతుంది. సంతకం కావాలంటే పిల్ల దగ్గరికి కాదు, పిల్ల తల్లి బల్ల దగ్గరికి వస్తారు. ఏజెంటుతో లెక్కలు మాట్లాడతారు, అమ్మతో వంట గురించి మాట్లాడతారు. నా చేతిలో వాసనల కొవ్వొత్తి పెట్టి, "ఎలా ఉన్నారమ్మా?" అన్నాడు. నన్ను. నేను కన్నానా ఈయన్ని? నాకంటే నాలుగేళ్లు పెద్దవాడిలా ఉన్నాడు.

నా భర్త వెండెల్, జట్టు వాళ్లిచ్చిన జెర్కిన్ వేసుకుని, ఎదురెళ్లి ఆయన కోటు అందుకున్నాడు. నేను పొద్దున్నుంచి పొయ్యి దగ్గరే నిలబడ్డానని తెలిసి కూడా, "మా ఇంట్లో ఎప్పుడూ ఇలాగే ఉంటుందండీ, దీనికి వండడమంటే సరదా," అన్నాడు. నలభై ఏళ్లుగా నా సరదాలన్నీ ఆయనే చెబుతున్నాడు. చర్చిలో పాస్టరుగారి విందుకి శనివారమంతా నేలమాళిగలో మేం ఆడవాళ్లం చేపలు వేయిస్తాం. ఆదివారం వేదిక మీద డీకన్లకి, అంటే చర్చి పెద్దలకి, చప్పట్లు. డీకన్ వెండెల్ తలవంచి వాటిని అందుకుంటాడు. ఇంటికొచ్చాక, "నా చొక్కాకి కూడా చేపల వాసనొస్తోంది," అంటాడు.

భోజనానికి ముందు ప్రార్థన కూడా ఆయనే చేశాడు. "ప్రభువా, ఈ జట్టు అనే కుటుంబాన్ని దీవించు," అన్నాడు. కళ్లు మూసుకున్న హాల్వర్సన్ మాత్రం "ఆమెన్" కాస్త ముందే అనేశాడు.

కుటుంబం. ఆ మాట వింటే చాలు, నా చెయ్యి దానంతటదే పర్సు మీదికి పోతుంది. బడిలో పెద్ద వంటమనిషి మానేసినప్పుడు ఆవిడ పని కూడా నా నెత్తినేసి, జీతం ఆవిడది ఇవ్వకుండా ప్రిన్సిపాల్ అన్న మాట అదే: "మనమంతా కుటుంబం కదా వర్నెల్." మా అత్తగారు మంచాన పడితే మరుదులు ముగ్గురూ గుమ్మంలో నిలబడి అన్నది అదే. కుటుంబం అని ఎవరైనా గొంతు మెత్తగా చేశారంటే, అక్కడ ఒక ఆడదాని వాటా తగ్గబోతోందన్నమాట. అయినా ప్రతిసారీ తలూపాను. ఊపకపోతే ఏమవుతుందోనని.

హాల్వర్సన్ రెండోసారి మకరోనీ వడ్డించుకున్నాడు. గడ్డానికి చీజు తీగ అంటుకుంది. నేను ఇస్త్రీ చేసి పెట్టిన రుమాలుతో దాన్ని తుడిచి, ఆ రుమాలును ఉండచుట్టి నా తెల్ల పళ్లెం పక్కన పడేశాడు.

"టమైరా మాకు కూతురులాంటిదమ్మా," అన్నాడు. "అందుకే ఏజెంటు ద్వారా కాకుండా మనసు విప్పి చెప్తున్నా. మాక్స్‌కి కొంచెం తక్కువ. కొంచెమే. అప్పుడు కెజయాని ఉంచుకోగలం. పాపం కెజయాకి చంటిపిల్ల కూడా ఉంది."

కెజయా టమైరాతో పాటు ఆడే పిల్ల. ఆట నడుస్తుంటే వాళ్ల పాపని నేనే ఎత్తుకుని కూర్చునేదాన్ని. నా భుజం మీద పాలు కక్కేది.

"మన పిల్లకి మనసు పెద్దది సార్, కాదనదు," అన్నాడు వెండెల్.

టమైరా ఫోర్కు కింద పెట్టింది. "పోయినసారి కాంట్రాక్టప్పుడు ఇలాగే జట్టులో రొజాలిన్‌ని ఉంచుకోవాలన్నారు. నేను తగ్గించుకున్నాను. సీజను మొదలవకముందే రొజాలిన్‌ని పంపించేశారు."

"అది... వ్యాపారంలో అలాంటివి జరుగుతాయి. నాకూ బాధేసింది."

"అప్పుడు వ్యాపారమా? ఇప్పుడు కుటుంబమా? ఎప్పుడేదో ముందే చెప్తే మేమూ దానికి తగ్గట్టు బట్టలేసుకుంటాం కదా సార్."

"టమైరా!" అన్నాడు వెండెల్.

నాకు ఒక్క సందేహం మిగిలింది. అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను. "కోచ్ గారి జీతం కూడా ఆ ట్రేలోంచేనాండీ?"

"అబ్బే, లేదమ్మా." నోట్లో ముద్ద ఉండగానే చెప్పాడు, చాలా మామూలుగా. "క్యాప్ ఆడేవాళ్లకే. కోచ్‌లకి అలాంటిదేం లేదు. ఎంతైనా ఇచ్చుకోవచ్చు."

"మరి మీకు?"

"నాకూ లేదు." ఆయన నవ్వాడు. "ఈ కొలార్డ్‌లో ఏం వేస్తారమ్మా? అద్భుతం."

పొగపెట్టిన టర్కీ కోడి మెడ వేస్తానని చెప్పలేదు. ఒకే ట్రే ముందు ఆడపిల్లలందర్నీ కూర్చోబెట్టి, ఒకరి పళ్లెంలోంచి ఇంకొకరి పళ్లెంలోకి తియ్యమని చెప్పి, పక్కగదిలో వీళ్లు వేరే భోజనం చేస్తున్నారు. పైగా దానికి చంటిపిల్ల పేరు వాడుకుంటున్నారు. రేపు కెజయాని తీసేస్తే ఆ కత్తి వాళ్లది. పిడి మాత్రం నా కూతురి చేతిలో పెట్టాలని చూస్తున్నారు.

"నువ్వైనా చెప్పు వర్నెల్," అన్నాడు వెండెల్. "నీ మాటైతే వింటుంది. నువ్వెప్పుడూ జాగ్రత్త మనిషివి."

హాల్వర్సన్ కుర్చీలో వెనక్కి వాలి, నా వైపు చూసి చిరునవ్వు నవ్వాడు. తొందరేం లేదన్నట్టు. అప్పుడు తెలిసింది నాకు. ఈ మనిషి నా వంట కోసం రాలేదు. నా భయం కోసం వచ్చాడు. ఈ ఇంట్లో ఒకతి ఉంది, పిల్ల పడిపోతుందని, మోకాలు పోతుందని, జట్టు పోతుందని పగలూ రాత్రీ వణుకుతుంటుంది, దాన్ని కాస్త కదిపితే చాలు, మిగతా పని అదే చేసిపెడుతుందని ఎవరో చెప్పే ఉంటారు. ఎవరో ఏమిటి, నా ఎదురుగానే జట్టు జెర్కిన్ వేసుకుని కూర్చున్నాడు.

టమైరా నా వైపు చూడలేదు. పళ్లెం వైపు చూస్తోంది. నేను చెప్పబోయేది తనకి ముందే తెలుసన్నట్టు భుజాలు జారవేసుకుంది. చిన్నప్పటినుంచీ విన్నదేగా. పరిగెత్తకే, పడతావు. అడక్కే, తిడతారు.

వాళ్లు అనుకున్నదీ నిజమే. మోకాలు గుర్తొచ్చింది. వేరే ఊరు గుర్తొచ్చింది. కెజయా పాప వెచ్చటి తల నా భుజం మీద ఆనినట్టే ఉంది. బయట మంచు తోసే బండి వీధి ఆ చివర్నుంచి ఈ చివరికి వెళ్లిపోయింది. వెండెల్ గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా?" అంది టమైరా చివరికి, చాలా చిన్నగా.

"నాకు చాలా భయంగా ఉందండీ," అన్నాను హాల్వర్సన్‌తో. "అయినా మాక్సే."