నాకూ అదే

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే లాండ్రీలో బుజ్జికి నోట్లో నాలుక లేదనుకునేవాళ్ళే ఎక్కువ. ఉంది, కానీ నత్తి. మాట మొదటి అక్షరం దగ్గరే మొరాయిస్తుంది. మొరాయించిన ప్రతిసారీ తనతో పనిచేసే పెద్దక్క దాన్ని అందుకుని పూర్తిచేస్తుంది, పాపం, ప్రేమకొద్దీ. పూర్తిచేసింది ఎప్పుడూ తప్పే. అందుకే బయట టీ కాఫీలకి ఎక్కడికెళ్ళినా బుజ్జి అనేది ఒకటే: "నాకూ అదే." ఆ ముక్క మాత్రం తడబడదు. ఆ పుణ్యాన ఇన్నేళ్ళుగా పెద్దక్కకి ఇష్టమైన చేదు కాఫీయే తాగుతోంది.

దుప్పట్లు మడతపెట్టేటప్పుడు మాత్రం వేరే బుజ్జి. పెద్దక్కా తనూ చెరో అంచు పట్టుకుని దులిపి, దగ్గరికొచ్చి, మళ్ళీ దూరం జరిగే ఆ ఊపులో లోకం కబుర్లన్నీ గడగడా చెప్పేస్తుంది.

వీధి మలుపులో కొత్తగా పాల టీ దుకాణం పెట్టారు. అద్దం మీద ఊదారంగు టీ బొమ్మ, గ్లాసు అడుగున నల్లటి సగ్గుబియ్యం ముత్యాలు. చేమదుంప టీ అట. పనికి వెళ్తూ వస్తూ బుజ్జి దాన్నే చూసేది. సెలవురోజున పెద్దక్కనీ, ఇంట్లో ఉన్న వదిననీ వెంటబెట్టుకు బయల్దేరింది. తాగితే అదే తాగాలి, తన నోటితో తనే అడగాలి.

లోపల ఏసీ చలి. పెద్దక్క శాలువా కప్పుకుంది. గాజు అరలోని మామిడి పుడ్డింగులు చూసి వదిన నోరెళ్ళబెట్టింది. "ఇవి తినడానికా, చూడ్డానికా?"

కౌంటర్ దగ్గరి అమ్మాయి "చెప్పండి" అనగానే బుజ్జి ముందుకురికింది.

"చే... చే..."

"చేదు కాఫీ! మూడివ్వమ్మా," అంది పెద్దక్క.

"కాదు!"

పెద్దక్క మొహం చిన్నబోయింది. ఆ అమ్మాయికేం తెలుసు? "చక్కెర ఎంత? ఐసు వెయ్యాలా? ముత్యాలు?" అని వరసపెట్టి అడిగింది. వెనక ఎవరో గొంతు సవరించుకున్నారు. బుజ్జికి ఏడుపు తన్నుకొచ్చింది. "నాకూ అదే" అనేస్తే పీడా పోతుంది. కానీ ఇవాళ అనేస్తే ఇక జన్మలో అడగలేదు.

పెద్దక్క ఒక్క క్షణం ఆమెనే చూసింది. శాలువా తీసి రెండు కొసలు ఆమె చేతిలో పెట్టింది.

"పట్టవే."

ఇద్దరూ శాలువాని టపామని దులిపారు. వెనకవాళ్ళు బెదిరి చోటిచ్చారు.

"చేమదుంప టీ," అంది బుజ్జి మొదటి మడతకి. దూరం జరిగి, దగ్గరికొచ్చి, "చక్కెర సగం." ఇంకో మడత. "ఐసు వద్దు. ముత్యాలు దండిగా వెయ్యండి!"

చక్కగా నాలుగు పలకలుగా మడిచిన శాలువా కౌంటర్ మీద పడింది. బుజ్జి సంతోషం అంతా ఇంతా కాదు. ఒక్కసారే ఇన్ని మాటలు బయటివాళ్ళతో ఆమె ఎన్నడూ మాట్లాడలేదు.

"చేమదుంపతో టీ ఏంటే, కూర వండుకోక!" అంది వదిన.

"మరి మీకు?" అని అడిగింది ఆ అమ్మాయి.

పెద్దక్క ముక్కు ఎగబీల్చింది. "మాకూ అదే."

బల్ల దగ్గర కూర్చున్నాక పెద్దక్క ఆత్రం ఆపుకోలేకపోయింది. "ఎలా ఉందే?"

"బా... బా..."

పెద్దక్క నోరు తెరవబోయి, గబుక్కున స్ట్రా పెట్టేసుకుంది. వదినా అంతే. ఇద్దరూ బుగ్గల నిండా ముత్యాలు నములుతూ, తొందరేమీ లేనట్టు, ఆమె మాట పూర్తయ్యేదాకా కూర్చున్నారు.