పేరిందేవమ్మగారి ముఖపరీక్ష

శ్రావణమాసమున నొకనాటి యపరాహ్ణమునందు కారుమబ్బులు పెద్దాపురపు పెంకుటిండ్ల కప్పులమీద పిండి యారవేసిన తడికోకలవలె బరువుగా వ్రేలాడుచు కురియకయు తొలగకయు ఎండకును వానకును నడుమనున్న యొక మసకవెలుతురును లోకమునకు బిచ్చముపెట్టినట్లు విడుచుచున్న సమయమున అనంతరామయ్యగారి వంటయింట పొయ్యి రాజుచుండెను గాని దానిమీద నేమి యెక్కవలయునను విషయమున అత్తకోడండ్రకు ప్రొద్దుటనుండి సాగుచున్న వివాదము మాత్ర మింకను తెగకుండెను. అత్తగారైన పేరిందేవమ్మ నానవేసిన సెనగపప్పు గిన్నెను పొయ్యిదాపునకు జరుపును. కోడలైన భ్రమరాంబ దానిని మరల గోడదాపునకు జరుపును. ఇట్లా గిన్నె యప్పటికి మూడుమారులు ప్రయాణము చేసియుండెను.

"దీపాలవేళకి అల్లుడొచ్చేస్తాడు. పూర్ణంబూరెలు లేకుండా విస్తరి వేస్తే ఊరు నవ్వదుటే?" అని పేరిందేవమ్మ నాలుగవమారు గిన్నె నెత్తెను.

"నవ్వితే నవ్వనివ్వండత్తయ్యగారూ. పిల్ల చేతిమీద మచ్చకి వెన్న రాసిన చేత్తో అతగాడికి బూరెలు వండమంటే నావల్ల కాదు. చారూ అన్నమూ పెడతాను. అదైనా మీ మొహం చూసి."

"పొయ్యిదగ్గర పరాగ్గా ఉంటే కాలదూ? నీకు పెళ్లయిన కొత్తలో ఎన్నిసార్లు కాలలేదు?"

"కాలింది. కాలితే వేలు కాలుతుంది, మణికట్టు కాలుతుంది. అట్లకాడ తనంతట తాను లేచొచ్చి మోచేతికింద అడ్డంగా పడుకోదు."

 పేరిందేవమ్మ గిన్నెను తానే పొయ్యిమీద పెట్టి మూత వేసెను.

అనంతరామయ్యగారి యేకపుత్రికయైన హైమవతి యెనిమిదిదినములక్రిందట రాజమహేంద్రవరమునుండి రెండున్నరయేండ్ల కూతు నెత్తికొని తోడెవ్వరును లేకుండ సామర్లకోటలో రైలు దిగి పుట్టినింటికి వచ్చియుండెను. భర్తయగు చిదంబరరావు తన్ను కొట్టుననియు ఒకనాడు దోసె మాడినదని యా యట్లకాడనే కాల్చి చేతికి వాతపెట్టెననియు తానిక నా యింటికి పోననియు నామె చెప్పెను. మరునాడే చిదంబరరావుయొద్దనుండి జాబు వచ్చెను. హైమ పొయ్యిదగ్గర చేయి కాల్చుకొన్నదనియు తా నొక్కమాట కసరినందున కోపగించి వచ్చినదనియు తప్పు తనదేననియు శుక్రవారము సాయంకాలము తానే వచ్చి తీసికొనిపోదుననియు ముత్యములవంటి యక్షరములతో నందు వ్రాసియుండెను. ఇరువురి మాటలలో నొకటి నిజము. ఏది నిజమో తేల్చవలసినది పేరిందేవమ్మ. ఏలయన నా యింట నెట్టి చిక్కు వచ్చినను కడపటిమాట యామెదే. అందును మనుష్యుల గుణదోషములను గూర్చిన విషయమైనచో పెద్దాపురమంతటను కడపటిమాట యామెదే.

పేరిందేవమ్మ బాల్యమున తండ్రియొద్ద సాముద్రికము నేర్చెను. వైధవ్యము ప్రాప్తించిన పిమ్మట నా విద్య యామెకు గౌరవమును కాలక్షేపమును గూడ నయ్యెను. ఆ పట్టణమున సంబంధము కుదుర్చుకొన దలచిన ప్రతికుటుంబమును ముందుగా నామెకు బండి పంపును. ఆమె పోయి వధువునో వరునో వెలుతురునకు ఎదురుగా పీటపై కూర్చుండబెట్టించి నుదుటి వెండ్రుకలు మొదలుకొని గడ్డమువరకు గల ముఖమును మనసున మూడుపాళ్ళు చేసికొని నుదుట బుద్ధిని ముక్కున స్వభావమును గడ్డమున నిలుకడను చదివి నోట నొక్కమాటయు చెప్పక లేచును. తాంబూలపు పళ్ళెమునుండి యాకులు తీసికొనినచో నా సంబంధము యోగ్యము. పళ్ళెము ముట్టక గుమ్మము దాటినచో నయోగ్యము. ముప్పదియేండ్లలో నామె ముట్టని తాంబూలమునకు మారుమాట పలికినవాడు లేడు. ఆమె వలదన్న పెండ్లిండ్లు జరుగనేలేదు గనుక వానియం దామె పొరపడెనేమో తెలిసికొను నుపాయమును లేదు. ఆమె యౌనన్న పెండ్లిండ్లలో కన్నీరు పెట్టిన యాడువారెందరో యామెకు చెప్పినవారును లేరు.

చిదంబరరావును చూచినపుడైతే నామె యంతసేపును కూర్చుండలేదు. అర్ధచంద్రునివంటి నుదురును వింటివలె వంగిన కనుబొమలును చెక్కుచెదరని పలువరుసయు గుంటపడని నిండుగడ్డమును గల యా ముఖమును చూచి గ్రంథములో చెప్పిన యుత్తమపురుషుడు పీటమీదికి దిగివచ్చినట్లు సంతోషించి పళ్ళెము తన చెంతకు రాకమున్నె చేయి చాచెను.

హైమవతి సంగతి వేరు. ఆ బిడ్డ యుయ్యెలలో నున్నపుడే పేరిందేవమ్మ దీపమెత్తి చూచి నిట్టూర్చి "కళ్ళు నిలవవు. కింది పెదవిమీద పుట్టుమచ్చ. ఇది ఒకటి చూసి పది చెబుతుంది" అని పలికెను. ఆ మాట యా బిడ్డతోపాటు పెరిగెను. చలిమిడి తరిగినను పాలు ఒలికినను ప్రశ్న మొదట హైమకే. నిజము చెప్పినను రెండుమారులు చెప్పవలసివచ్చెను. ఇంటివా రామెకు గాలికబుర్ల హైమయని పేరు పెట్టి ముద్దుగానే పిలిచిరి. ఆ పేరులోని ముద్దు వారికి తెలిసినంతగా నామెకు తెలియలేదు.

ఇపుడును నామె తన కష్టమును చెప్పినపుడు పెదవులమీద నొక చిరునవ్వు తొలగకుండెను. వాతను చూపునపుడును నా నవ్వట్లే యుండెను. తల్లి మాత్ర మా నవ్వును లెక్కచేయక వాతకు వెన్న పూసెను. తండ్రి యైననో తల్లిచాటున పెరిగిన సాధువు గనుక నాటి మధ్యాహ్నము భార్యతో మెల్లగా నిట్లనెను.

"నవ్వుతూ చెప్పింది భ్రమరా. నిజంగా అంత బాధపడ్డవాళ్ళు నవ్వుతూ చెబుతారా?"

"ఏడిస్తే నటన అంటారు. నవ్వితే అబద్ధం అంటారు. దానికి మూడో మొహం ఎక్కడినుంచి తెచ్చిపెట్టనండీ?"

అనంతరామయ్య పైకండువ సవరించుకొని "అమ్మ ఏమంటుందో చూద్దాం" అనెను. ముప్పదియేండ్లుగా నా గృహస్థు కష్టకాలమున చెప్పునది యీ యొక్కమాటయే.

దీపములు పెట్టువేళకు చిదంబరరావు వచ్చెను. కాళ్ళు కడుగుకొని మామగారికి నమస్కరించి యత్తగారి ముభావమును గమనింపనివానివలె కుశలమడిగి చావడిలో బల్లపై కూర్చున్న పేరిందేవమ్మ పాదములంటి జేబునుండి పొడుముడబ్బీ తీసి యామె చేతిలో పెట్టెను.

"మీకు ఈ పొడుమైతేనే తుమ్ము సరిగ్గా వస్తుందని హైమ చెప్పింది మామ్మగారూ. కోటగుమ్మం బజారంతా వెతికాను."

పేరిందేవమ్మ నవ్వి డబ్బీ యందుకొని యతనిముఖమును దీపకాంతిలో పరికించెను. అది గ్రహించి యతడును నవ్వెను.

"మళ్ళీ పరీక్షా? ఈమాటు తాంబూలం ముట్టరేమోనని భయంగా ఉందండోయ్."

ఆమె శ్రద్ధగా చూచెను. తొందరపడక చూచెను. నుదుట కల్మషము లేదు. కనుబొమలలో క్రౌర్యము లేదు. ముక్కుపుటములయందు గాని పెదవికొనలయందు గాని గడ్డమునందు గాని యెచ్చటను కోపిష్ఠి లక్షణ మొకటియు లేదు. నాలుగేండ్లక్రిందట నెట్లుండెనో యిపుడు నట్లే ప్రశాంతముగా పూర్ణచంద్రోదయమువలె నుండెను. ఆమె హృదయమునుండి పెద్దబరువు దిగినట్లయ్యెను. తన విద్య యబద్ధమాడలేదు. అబద్ధమాడినది మనుమరాలే. ఉదయముననే పంపివేయవచ్చును. ఇట్లామె తలచుచున్న యా క్షణముననే లోపలినుండి బిడ్డ యేడ్పు వినవచ్చెను.

హైమవతి కూతురైన బుల్లెమ్మ పెరటిలో తినుచున్న పేలాలు మట్టిపాలుకాగా నాకాశము విరిగిపడినంతగా నేడ్చుచు పెరటిగుమ్మమునుండి పరుగెత్తుకొనివచ్చి "మామ్మా, మామ్మా, కాకి" యని ఫిర్యాదు చేయుచు పేరిందేవమ్మ యొడిని చేరబోయెను. నోరు తెరచియుండెను. ముక్కు కారుచుండెను. బుగ్గలు తడిసియుండెను. చావడి నడుమకు వచ్చినపిదప నా పసిది తండ్రిని చూచెను.

ఏడ్పు తగ్గలేదు. ఏడ్పు మాయమయ్యెను. తెరచిన నోరు మూతపడెను. తడిబుగ్గలమీద నొక చిరునవ్వు వచ్చి కూర్చుండెను. రెండుచేతులును వీపువెనుకకు పోయెను.

"చూశారా, నాన్నని చూడగానే ఏడుపెలా మానిందో!" యని చిదంబరరావు ప్రీతితో పలికి సంచిలోనుండి యెర్రని రిబ్బను తీసెను. "రా తల్లీ. ఏం తెచ్చానో చూడు. చెయ్యి చాపు."

బుల్లెమ్మ వచ్చెను. కుడిచేయి ముందునకు తెచ్చి యరచేయి క్రిందికి వచ్చునట్లు త్రిప్పి మోచేతివరకు చక్కగా చాచి కన్నులు గట్టిగా మూసికొని నిలిచెను. పెదవులమీది నవ్వు మాత్రము చెదరలేదు. ఏదైన నిచ్చునపుడు పిల్లలు చేయి చాచు విధ మది కాదు. చిదంబరరా వా చేతిపై రిబ్బను వ్రేలాడవేసి ముద్దుగా నవ్వెను. రిబ్బను తగిలినపుడు పసిదాని యొడలు నిలువెల్ల నదరెను. పిమ్మట కన్ను తెరచి యది వస్త్రమని తెలిసికొని బిడ్డ వెనుకకు రెండడుగులు వేసి యెవరును పిలువకయే లోపలిగుమ్మమున నిలిచిన తల్లి చీరకుచ్చిళ్ళలో దూరెను.

పేరిందేవమ్మ చేతిలోని పొడుముడబ్బీ చేతిలోనే యుండెను.

ఆమె ముఖములు చూచుటయందు పండినది. రెండున్నరయేండ్ల బిడ్డ ముఖమున దాపరికముండదని యామెకు శాస్త్రము చెప్పనక్కరలేదు. ఆకలియైన నేడ్చును. భయమైన నేడ్చును. నవ్వు వచ్చినప్పుడే నవ్వును. అట్టి ముఖముపై నవ్వు నెవరో దిద్దియుండిరి. అందును నా నవ్వామె యెరుగనిది కాదు. ఎనిమిదిదినములుగా హైమవతి పెదవులమీద చూచుచున్నదే. అబద్ధమునకు గురుతని తాను తలయూచి నిర్ణయించినదే. తల్లినుండి బిడ్డకు ముక్కు వచ్చును, రంగు వచ్చును, పుట్టుమచ్చయు రావచ్చును. భయపడినపుడు నవ్వుట పుట్టుకతో రాదు. అది నేర్చుకొనవలసిన విద్య.

అంతట నామెకు మరియొకటి తోచెను. అది తోచకయున్న బాగుండునని యామె తరువాత ననేకపర్యాయములు తలచెను. హైమవతి యా నవ్వును రాజమహేంద్రవరమున నేర్వలేదు. ఆరేండ్ల ప్రాయమున నొకనాడు గూటిలోని బెల్లపుటచ్చు కనబడకపోగా తా నా పిల్ల గడ్డము పట్టి ముఖము పైకెత్తి కన్నులలోనికి చూచుచు నిజము చెప్పుమని గద్దించినపు డా పసిపెదవులమీద మొట్టమొదట నా నవ్వు పుట్టెను. నవ్వుచున్నది చూడుడు, దొంగ కాదా యని తా నప్పుడే యింటివారిని పిలిచి చూపెను. అచ్చు నెలుక లాగినదని మూడుదినములకు తెలిసెను. ఎలుకసంగతి యందరు మరచిరి. నవ్వు మాత్రము నిలిచిపోయెను. తన చూపునుండి తప్పించుకొనుటకు పిల్ల కల్పించుకొన్న ముసుగును తానే పుట్టుగుణమని చదివి యా చదువును నమ్మియే యిపుడు మరల నగ్నిలోనికి త్రోయనుండెను.

ముప్పదియేండ్లుగా తాను చూచినవి పీటమీద కూర్చుండి చూపబడుటకై సిద్ధమైన ముఖములు. పీట దిగిన పిమ్మట నా ముఖములముందు నిలువవలసివచ్చిన వారి ముఖములను తా నొక్కనాడును చూచియుండలేదు.

విస్తళ్ళు వేసిరి. భ్రమరాంబ వడ్డించినది వడ్డించినట్లు పెట్టి తలయెత్తక తిరిగెను. చిదంబరరావు బూరెలు మెచ్చుకొని తినెను. పేరిందేవమ్మ యా దినము రాత్రి ఫలహారమును ముట్టలేదు. చేతులు కడుగుకొనివచ్చి యందరును చావడిలో కూర్చుండిన పిమ్మట చిదంబరరావు వినయముతో ప్రసంగ మారంభించెను.

"పొద్దున్న బండికే ముగ్గురం బయల్దేరతాం మామయ్యగారూ. నాకు సెలవు లేదు. హైమకి నామీద ఇంకా కోపం పోయినట్టు లేదు. మామ్మగారు ఒక్క మంచిమాట చెబితే చాలు."

గోడకానుకొని నిలిచిన హైమవతి నవ్వుచుండెను. ఆమె భుజముపై బుల్లెమ్మ నిద్రించుచుండెను. అనంతరామయ్య యలవాటు చొప్పున తల్లివంక తిరిగెను.

"ఏమంటావమ్మా? చూశావు గదా. అబ్బాయి మొహంలో ఏమన్నా కనిపించిందా?"

"ఏమీ కనిపించలేదు నాయనా. పెళ్ళినాడు ఎంత మంచి మొహమో ఇవాళా అంత మంచి మొహమే. మళ్ళీ చూడమన్నా అదే చెబుతాను."

చిదంబరరావు తల వంచి కృతజ్ఞత తెలిపెను. భ్రమరాంబ గుమ్మమునొద్దనుండి వచ్చి కూతు ప్రక్కను నిలిచెను. హైమవతి బిడ్డను భుజముపై నింకొంచెము పైకి జరుపుకొనెను. సంశయము తీరినదని తలచి యనంతరామయ్య లేవబోయెను.

పేరిందేవమ్మ యతనిని చేసైగతో కూర్చుండబెట్టెను. తీర్పు చెప్పునపు డెదుటివారి ముఖమును చూచుట యామె చిరకాలపు టలవాటు. ఆ దినము మాత్ర మామె యెవ్వరి ముఖమును చూడక తన యొడిలోని ముడుతలుపడిన చేతులవంక చూచుచు పొరుగింటికి వినబడనంత మెల్లగా నింటిల్లిపాదికిని వినబడునట్లు పలికెను.

"హైమ వెళ్ళదు. పిల్లా వెళ్ళదు. పొద్దున్న సామర్లకోటకి బండి ఒక్కమనిషికే చెప్పు నాయనా."