గార్డు డబ్బా ఎడమ మూల

ఆ ఆదివారం చర్చిలో పాస్టరుగారు కోపం మీద గంటసేపు ప్రసంగించారు. తన కోసమే చెబుతున్నారని పరంజ్యోతికి అర్థమైంది. పక్కన కూర్చున్న భార్య రేచల్ మోచేత్తో రెండుసార్లు పొడిచి మరీ అర్థమయ్యేలా చేసింది. "కాలనీల పెద్దమనుషులుంటరు. గియ్యాల ఒక్కపొద్దు నోరు కట్టుకో" అని గేటు దగ్గర మాట తీసుకుని పంపింది. ఆ మాట మధ్యాహ్నం రెండింటిదాకా కూడా నిలవలేదు.

పరంజ్యోతి ఇరవై తొమ్మిదేళ్ళు గూడ్సుబండి గార్డు. మేడ్చల్ మీదుగా పోయే చిన్నలైను మీద, బండి చిట్టచివర తగిలించే గార్డు డబ్బాలో వయసంతా కరిగించాడు. చిన్నలైను పీకేసి పెద్దలైను వేశారు. అతనూ రిటైరై గుండ్లపోచంపల్లిలో రెండు గదుల ఇల్లు కట్టుకున్నాడు. ఇంతలో కొంపల్లి కాలనీలో బొమ్మరైళ్ళ సంఘం ఒకటి పుట్టింది. అసలు రైలెక్కి ఎన్నేళ్ళయిందో తెలియని మనుషులు బొమ్మరైళ్ళు చేసుకుని మురిసిపోయే సంఘం. ఆ ఏడు వాళ్ళు పెట్టిన పోటీ గార్డు డబ్బా మీద. అసలుదానిలో ఇరవయ్యో వంతు కొలతతో చెయ్యాలి. గెలిచినదాన్ని కాలనీ లైబ్రరీలో అద్దాల బీరువాలో పెట్టి, 'మన లైను మీద గార్డు ఇలా ప్రయాణించేవాడు' అని కింద పలక తగిలిస్తారు.

అసలుకీ బొమ్మకీ పోలిక తేల్చడానికి ఇద్దరు జడ్జీలు. ఒకరు పరంజ్యోతి. రెండోవారు కృష్ణారావు, రైల్వే డ్రాయింగు ఆఫీసులో పెద్ద డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి రిటైరైన గోదావరి జిల్లా మనిషి. జేబులో స్కేలు, నోట్లో మర్యాద, ఒంట్లో పాతికేళ్ళ షుగరు. అరగంటకోసారి "ఇప్పుడే వస్తానండీ" అంటూ బాత్రూముకి వెళ్ళొస్తాడు.

మొదటి బొమ్మకు చక్రాలు ఎడ్లబండివి. రెండోదానికి పెళ్ళిపందిరి రంగులు. రెంటినీ పరంజ్యోతి చేత్తోనే పక్కకు నెట్టేశాడు. మూడోది చూడగానే మాత్రం అతని చెయ్యి ఆగిపోయింది. సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేసే ఫణిభూషణ్ చేసినది. వెనక వరండా, బ్రేకు చక్రం, ఎక్కే మెట్టు అంచున తుప్పు కూడా.

"మస్తు చేసినవ్ పిల్లగా!" అని వంగి కిటికీలోంచి లోపలికి చూశాడు. చూసినవాడు అలాగే ఉండిపోయాడు.

లోపల పైకప్పుకు గోరంత బల్బు వెలుగుతోంది. ఎడమ మూలన చిన్న గది. దానికి తలుపు, లోపల తెల్ల బేసిను, గోడకు కుళాయి.

"గిదేంది?"

"లెట్రినండీ అంకుల్" అన్నాడు ఫణిభూషణ్ సంబరంగా. "కుళాయి తిరుగుతుంది కూడా."

"ఏ డబ్బాల జూసినవ్ గిది?"

"చూళ్ళేదండీ. రైల్వేవాళ్ళ డ్రాయింగు ప్రకారం చేశాను."

పరంజ్యోతికి అరికాలి మంట నెత్తికెక్కింది. "నా డబ్బాల కరెంటు బుగ్గ లేదు. లెట్రిన్ లేదు. చేతుల గాసునూనె దీపం, గంతే! పేరు పరంజ్యోతి, బతుకంత చీకటి! బండిని పక్క లైన్ల పడేస్తే తొమ్మిది గంటలు, పది గంటలు. దిగిపోతే బండి కదులుతదని భయం. అందుకని నీళ్ళు తాగుడే బంజేసిన. తాగకపోతే ఏమైంది? కిడ్నీల రాళ్ళయినయ్. కోసిన్రు." చర్చికి వేసుకున్న తెల్లచొక్కా నలుగురి ముందే పైకెత్తి నడుము మీది మచ్చ చూపించాడు.

అతని కడుపులో అంతకంటే పెద్ద మచ్చ ఒకటుంది. ఆపరేషను అయ్యాక, పాసింజరు బండికి మార్చమని అర్జీ పెట్టుకున్నాడు. జవాబు రెండే ముక్కల్లో వచ్చింది. 'గార్డు డబ్బాలలో దీపము, మరుగుదొడ్డి కలవు. కావున అర్జీ త్రోసివేయడమైనది.' ఎవడో గుమాస్తా కళ్ళు మూసుకుని అబద్ధం రాశాడనుకుని, ఆ మొహం తెలియని గుమాస్తాను పన్నెండేళ్ళుగా తిడుతూనే ఉన్నాడు. ఇప్పుడదే అబద్ధం బల్బు పెట్టుకుని మరీ వెలుగుతోంది. రేపు అద్దాల బీరువాలోకి ఎక్కుతుంది. కాలనీ పిల్లలంతా చూసి, గార్డుల బతుకు ఎంత హాయి అనుకుంటారు.

"గిది బీరువల పెట్టనియ్య. సున్న మార్కులు!"

కృష్ణారావు నెమ్మదిగా గొంతు సవరించుకున్నాడు. "అలా అనకండి పరంజ్యోతిగారూ. డ్రాయింగులో ఉన్నాయండీ అవి. గార్డులు మొరపెట్టుకున్నారని ఎనభై నాలుగులో నేనే గీశాను." సంచీలోంచి మడతలు పడిన నీలం కాగితం తీసి బల్ల మీద పరిచాడు. ఎడమ మూలన గది ఉంది. పైకప్పున దీపం ఉంది. కింద కృష్ణారావు సంతకం ఉంది.

పరంజ్యోతి ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. గుమాస్తా అబద్ధం రాయలేదన్నమాట. ఇదిగో, ఇది చూసి రాశాడు.

"గీసినంక ఒక్కపారన్న యార్డుకొచ్చి డబ్బా ఎక్కి చూసిన్రా సార్?"

"మా పని గీయడం వరకేనండీ. సంతకాలయ్యాక డబ్బాలు చేసే వర్క్‌షాపుకు వెళ్ళిపోతుంది. చేసే ఉంటారనుకున్నాను."

"ఎన్నొద్దులు అనుకున్నరు?"

కృష్ణారావు తల దించుకున్నాడు. "ఇవాళ్టిదాకానండీ."

"అయితే నడువుండ్రి. మేడ్చల్ టేషన్ వెనక తుక్కు కింద ఒకటింక పడున్నది. పోలిక చూసేందుకే గద మనల్ని పిలిచిన్రు. చూద్దాం!"

ఫణిభూషణ్ కారు తీశాడు. బయల్దేరేముందు సంఘం వాళ్ళు అందరికీ చల్లటి మజ్జిగ ఇచ్చారు. కృష్ణారావు రెండు గ్లాసులు తాగాడు. పరంజ్యోతి ముట్టుకోలేదు. తాగకపోవడం అతనికి అలవాటైపోయింది.

డబ్బా తుమ్మపొదల మధ్య ఎండలో కాలుతోంది. ఫణిభూషణ్ ఫోటోలు తీస్తూ బయటే ఉండిపోయాడు. కృష్ణారావు ఆయాసపడుతూ మెట్టెక్కి లోపలికి వెళ్ళి, వెంట తెచ్చిన నీలం కాగితాన్ని అక్కడి బల్ల మీద పరిచి స్కేలు తీశాడు. కిటికీ కొలిచాడు, బల్ల కొలిచాడు, తలుపు కొలిచాడు. అన్నీ అంగుళం తేడా లేకుండా కుదిరాయి. పైకప్పు వైపు చూస్తే దీపం లేదు. లాంతరు తగిలించుకోవడానికి ఒకప్పుడు పరంజ్యోతి కొట్టుకున్న మేకు, దాని చుట్టూ పళ్ళెమంత మసి. ఎడమ మూలన ఏమీ లేదు. పగిలిన చెక్కగోడ, అంతే.

"మిగతా కొలతలన్నీ కుదిరాయండీ" అన్నాడు కృష్ణారావు బేలగా. కాసేపటికి మొహం ముడుచుకుని కాళ్ళు దగ్గరికి తీసుకున్నాడు. "పరంజ్యోతిగారూ, కొంచెం దారి ఇస్తారా? నాకు అర్జంటుగా..."

పరంజ్యోతి గుమ్మంలో రెండు చేతులూ అడ్డం పెట్టి నిలబడ్డాడు. "ఎడమ మూలకున్నది గద సార్. మీరు గీసిందే. పోయిరాండ్రి."

"నా వల్ల కాదండీ, షుగరు మనిషిని."

"నేను రాళ్ళ మనిషిని సార్. తొమ్మిది గంటలు నిలబడ్డ. మీరు రెండు నిమిషాలు నిలబడుండ్రి."

కృష్ణారావు ఆ మూల వైపే చూస్తూ నిలబడ్డాడు. పరంజ్యోతి చేతులు దించేసరికి ఆలస్యమైపోయింది. బూడిదరంగు ప్యాంటు మీద తడి మోకాలిదాకా పాకింది. చూస్తే కసి తీరుతుందనుకున్నాడు పరంజ్యోతి. తీరలేదు. డెబ్బై ఏళ్ళ మనిషిని అలా నిలబెట్టినందుకు తన మీద కూడా ఒళ్ళు మండింది, అంతే.

కృష్ణారావు మార్కుల కాగితం తీశాడు. 'అసలుతో పోలిక' అన్న గడిలో సున్నా వేసి సంతకం చేశాడు. అప్పుడే లోపలికి వచ్చిన ఫణిభూషణ్ ఆయన్ని చూసి కంగారుగా పక్కకు తిరిగాడు.

"ఆ బల్బూ ఆ గదీ పీకెయ్ బాబూ" అన్నాడు కృష్ణారావు.

"వాటి బదులు ఏం పెట్టమంటారండీ?"

"ఏమీ పెట్టకు. అక్కడేమీ లేదు. నేను చూశాను."

కారు స్టేషను ముందుంది. అక్కడికి వెళ్ళాలంటే కొత్త ప్లాట్‌ఫారం మీదుగా, బండి కోసం నిలబడ్డ జనం మధ్య నుంచే నడవాలి. కృష్ణారావు మెట్టు దిగి, రెండడుగులు వేసి ఆగిపోయాడు. పరంజ్యోతి లోపల బల్ల మీద పడున్న నీలం కాగితాన్ని తెచ్చి, విప్పి ఆయన చేతుల్లో పెట్టాడు.

"గిది అడ్డం పెట్టుకోండ్రి సార్" అన్నాడు. "గీసిన ఇరవై ఏండ్లకు ఒక్కలకన్న పనికొచ్చింది."